పాలు పోయకముందు

మన ఇళ్లలో కాఫీకి దక్కే మెచ్చుకోలంతా కలిపిన చేతికే వెళ్తుంది. "మా పెద్దత్తయ్య చేతి కాఫీ తాగి తీరాలి" అంటాం. "ఆ హోటల్లో పాత మాస్టారు ఉన్నన్నాళ్లే కాఫీ" అని నిట్టూరుస్తాం. తిట్టినా ఆ చేతినే తిడతాం, నీళ్ల కాఫీ అనీ, కషాయమనీ, కుడితి అనీ. అలాగని మనకి కాఫీ తెలియదని కాదు. మొదటి డికాక్షనో రెండోదో వాసనతో చెప్పేవాళ్లు, పాలు పొద్దుటివో మధ్యాహ్నానివో ఒక్క గుక్కలో పట్టేసేవాళ్లు, నురగ చూసి ఎంత ఎత్తునుంచి తిరగబోశారో లెక్కగట్టేవాళ్లు మా చుట్టాల్లోనే బోలెడుమంది. మా మామయ్య ఒకాయనైతే ఏ ఊరు వెళ్లొచ్చినా ముందు అక్కడి కాఫీ సంగతి చెప్పి, ఆ తరవాతే మనుషుల సంగతి చెప్పేవాడు.

ఇంత పాండిత్యంలోనూ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ఈ గింజ ఎక్కడిది?

మిగతా సరుకుల దగ్గర ఇంత ఉదాసీనత లేదు మనకి. బెల్లం అనకాపల్లిదేనా అని రెట్టించి అడుగుతాం. కందిపప్పు తాండూరుదంటే నాలుగు రూపాయలు ఎక్కువిస్తాం. మామిడిపళ్లు ఉలవపాడువో నూజివీడువో తేలందే బేరమే మొదలుపెట్టం. కాఫీ దగ్గరికొచ్చేసరికి "అరకిలో, ఎయిటీ ట్వంటీ" అనేసి పొట్లం సంచిలో పడేసుకుంటాం.

ఆ ఎనభై ఇరవైలో ఇరవై చికోరీ. అది గింజ కాదు, ఒక మొక్క వేరు. కోసి, ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, కాస్త మాడు చేదు ఉంటాయి. కాఫీ చికోరీ కలిపి అమ్మేటప్పుడు కాఫీ 51 శాతానికి తగ్గకపోతే చాలునంటుంది మన చట్టం. డబ్బాలో సగానికి కాస్త తక్కువ వేరే ఉన్నా, పైన అక్షరాల్లో ఆ మాట చెబితే సరిపోతుంది. చికోరీ మీద నాకు పగేమీ లేదు. దాని మంచి కూడా చెబుతాను, కాస్త ఆగండి.

విశాఖలో నా చిన్నప్పుడు కాఫీ పొడి కొట్టు ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు, వీధి మలుపులోనే ముక్కు చెప్పేసేది. మరలోంచి జారిన పొడి కాగితం పొట్లంలో కట్టిస్తే ఇంటికొచ్చేదాకా అరచేతికి వెచ్చగా తగులుతుండేది. గోడకి ధరల పలక: ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ, రోబస్టా చెర్రీ. ప్లాంటేషన్ అంటే ఏదో తోట పేరులా వినిపిస్తుంది గానీ కాదు. అరబికా పండుకి తోలూ గుజ్జూ తీసి, కడిగి ఎండబెట్టిన గింజని ప్లాంటేషన్ అంటారు. పండుని పండుగానే ఎండబెట్టి తరవాత పొట్టు కొడితే చెర్రీ. ఏ, బీ అన్నవి గింజ సైజులు. మామూలుగా రెండు బద్దలుండాల్సిన పండులో ఒక్కటే గుండ్రంగా ఊరితే పీబెర్రీ. ఆ పలక మీద గింజ సైజుంది, ఎండబెట్టిన పద్ధతుంది, కిలో ధరుంది. ఊరు లేదు.

ఊరు లేకపోవడం కొట్టువాడి తప్పు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ మార్కెట్లు మూసుకుపోయి మన కాఫీ కొనే దిక్కులేక ధర కూలిపోయింది. తోటల్ని నిలబెట్టడానికి 1942లో కాఫీ చట్టం వచ్చింది. రైతు తన ఇంటి వాడకానికీ విత్తనానికీ ఉంచుకుని మిగతా పంటంతా కాఫీ బోర్డు వారి ఉమ్మడి కుప్పకి అప్పగించాలి. దానికి పూల్ అని పేరు. బోర్డు గ్రేడు కట్టి, అందరిదీ కలిపి వేలం వేసి, వచ్చిన డబ్బుని పాయింట్ల లెక్కన విడతలు విడతలుగా పంచేది. 1990ల్లో కొంచెం కొంచెంగా సడలించి, 1996 నాటికి రైతుని పూర్తిగా వదిలేశారు. దాదాపు యాభై ఏళ్లపాటు ఈ దేశంలో ఒక తోట కాఫీ ఆ తోట పేరుతో వంటింటికి రావడానికి దారే లేదన్నమాట. కొండ మీద చిన్న రైతు పండిన పండు ఏరి ఏరి కోసినా, ఇంకొకాయన పచ్చిదీ పండూ కలిపి దూసేసినా, గ్రేడు ఒకటైతే అన్నీ ఒకటే కుప్ప. మా మామయ్య గింజ ఊరు అడగలేదంటే అడిగినా చెప్పగలిగేవాడు లేడు. అందుకే ఆయన తరం తెలివితేటలన్నీ డికాక్షన్ మీదా పాల మీదా ఖర్చయ్యాయి.

నాకు గింజ ఊరు అడిగే పిచ్చి అంటించింది మా బాబాయి కొడుకు. బెంగళూరులో ఉద్యోగం. వాడింటికి వెళ్లిన పొద్దున గాజు గ్లాసులో పల్చగా, ఎర్రగా, టీ అనిపించేదేదో తెచ్చి పెట్టాడు.

"అన్నయ్యా, పాలు అడక్కు. పంచదార అడక్కు. పది నిమిషాలు నా మాట విను."

మొదటి గుక్కలో వేడి తప్ప ఏమీ తెలియలేదు. రెండో గుక్కలో పులుపు. కాఫీలో పులుపు తగిలితే మన బుర్ర ముందు పాలు విరిగాయేమో అని వెతుకుతుంది. ఇందులో పాలే లేవాయె. "పాడైందేమోరా" అన్నాను. వాడు నవ్వి, "చల్లారనీ" అన్నాడు. కాఫీ చల్లారనివ్వడమా! పొగలు కక్కకపోతే గ్లాసు తిప్పి పంపే వంశం మాది. పేపరు తిరగేస్తూ కూచున్నాను. గోరువెచ్చగా అయ్యాక ఇంకో గుక్క తాగితే, ఆ పులుపు వెనకాల తీపి వచ్చి నిలబడి ఉంది. పంచదార తీపి కాదు. రేగుపండు గింజ చుట్టూ ఉన్న ఆఖరి గుజ్జు చప్పరిస్తే వస్తుందే, అది. ఇంకాస్త చల్లారాక చెరకు పానకం వాసన. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా నాలిక వెనక ఏదో మిగిలే ఉంది, పోనంటోంది. ఒకే గ్లాసు, ఒకే కాఫీ, వేడి తగ్గినకొద్దీ వేషం మారుస్తోంది. మరీ వేడిగా ఉన్నదాంట్లో తీపినీ పులుపునీ నాలిక విడదీసి చూడలేదు. పొగలు కక్కే కాఫీలో మనం ప్రేమించేది సగానికి సగం వేడినే.

వాడు పాకెట్టు తెచ్చి చూపించాడు. అల్లూరి సీతారామరాజు జిల్లా అని ఉంది, ఫలానా పంచాయతీ అని ఉంది, కోసిన నెలలున్నాయి, ఆరబెట్టిన పద్ధతుంది. మా ఇంటి మెట్టు దిగి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకోగల కొండ అది. బెంగళూరు దాకా వెళ్లి దాని రుచి చూశాను. నన్నెందుకు అనాలి, 2017లోనే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. "అరకు వేలీ అరబికా"కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటికింకా మా వీధి కొట్టు పలక మీద ప్లాంటేషన్ ఏ మాత్రమే ఉంది.

స్పెషాలిటీ కాఫీ అనే మాట చుట్టూ చాలా డాబుసరి పేరుకుంది గానీ, చాలా ఏళ్లుగా నడుస్తున్న నిర్వచనం మాత్రం పరీక్ష పేపరు దిద్దినట్టే ఉంటుంది. అనుభవమున్న నాలికలు రుచి చూసి 100కి 80 మార్కులో, పైనో వేయాలి. అంతకుముందు పచ్చి గింజల్లో 350 గ్రాములు బల్ల మీద పోసి లోపాలు లెక్కపెడతారు. పూర్తిగా నల్లబడిన గింజ, పులిసిపోయిన గింజ, బూజు పట్టిన గింజ లాంటి పెద్ద లోపం ఒక్కటి కూడా ఉండకూడదు. విరిగినవి, కొంచెం పురుగు తొలిచినవి లాంటి చిన్న లోపాలు అయిదు దాటకూడదు. ఆ పైన కప్పింగ్. పొడి మీద వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలకి పైన కట్టిన తెట్టుని చెంచాతో పగలగొట్టి వాసన చూసి, కాస్త చల్లారాక చెంచాడేసి తీసుకుని ఇల్లు అదిరేలా జుర్రుతారు. గాలితో కలిసి కాఫీ తుంపరగా నోరంతా పడాలని. సాసర్లో పోసుకుని జుర్రుమని పీల్చే తాతగార్లని చూసి మనం నాగరికత లేదని ముఖం చిట్లించుకున్నాం. సాసరు చల్లారుస్తుంది, జుర్రు వాసన పట్టిస్తుంది. ఆ తాతగార్లకి మార్కుల కాగితం ఒక్కటే తక్కువ.

ఇక వంటింట్లో నా వైభోగం చెప్పాలి. త్రాసు వచ్చింది, హంస మెడ కెటిలు వచ్చింది, చేత్తో తిప్పే మర వచ్చింది, జపాన్‌వాళ్ల గరాటు ఒకటి వచ్చింది. దాని గోడలు 60 డిగ్రీల కోణంలో ఉంటాయి కాబట్టి వీ60 అని పేరు. అందులో కాగితం వేసి, 15 గ్రాముల పొడి వేసి, మరిగి దించిన నీళ్లు ముందు కొంచెమే పోసి ఆగాలి. తాజాగా వేయించిన గింజైతే పొడి పొంగి, బుడగలు లేచి, మధ్యలో బీటలు తీస్తుంది. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడు అది. వేయించి నెలలు గడిచిన పొడి పొంగదు, బురదలా కూచుంటుంది. ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేని తాజాదనం పరీక్ష ఇది. అర నిమిషం ఆగి, సన్నటి ధారతో గుండ్రంగా తిప్పుతూ, మొత్తం 240 గ్రాములు అయ్యేదాకా పోయాలి.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఈ తతంగమంతా చూసింది.

"ఏరా, అభిషేకం అయిందా? తీర్థం ఇస్తావా?"

ఇచ్చాను. చిన్న గ్లాసుడు తాగి, పెదవి తుడుచుకుని, "బాగానే ఉందిరా. ఇక కాఫీ పెట్టనా?" అంది.

ఆ తీర్పులో న్యాయం ఉంది. మన ఫిల్టరుకీ ఈ కాగితం గరాటుకీ పని తీరే వేరు. ఫిల్టరు చిల్లుల్లోంచి నూనె, సన్నటి నుసి దిగిపోతాయి. డికాక్షన్ చిక్కగా, బరువుగా వస్తుంది, పాలు పోసినా తట్టుకుని నిలబడుతుంది. కాగితం ఆ నూనెనీ నుసినీ పట్టేసుకుంటుంది. తేటగా దిగిన ఆ కాఫీలో పాలు పోస్తే అయిపూ అజా ఉండదు. కాగితం పెట్టి వడకట్టాలన్న ఊహ 1908లో జర్మనీలో డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్జ్ అనే గృహిణికి వచ్చింది. ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు బడి పుస్తకంలోంచి బ్లాటింగ్ పేపరు చింపి వేసింది. చిల్లుల ఇత్తడి గిన్నె మనకీ ఉంది. మనం పాల వైపు వెళ్లాం, ఆవిడ కాగితం వైపు వెళ్లింది.

పాకెట్ల మీద రాసే రుచుల జాబితాలతో మాత్రం నాకు పేచీ ఉంది. బ్లూబెర్రీ, బ్లాక్ కరెంట్, మేపుల్ సిరప్. మన ఊళ్లో పెరిగినవాడికి ఆ పళ్లు తెలిసిందే నిన్నగాక మొన్న, అదీ పెరుగు డబ్బా మీది బొమ్మల్లో. ఈ జాబితాలకి మూలం 1995లో అమెరికాలో గీసి, 2016లో దిద్దిన రుచుల చక్రం ఒకటి. గీసినవాళ్లు తిన్న పళ్లే అందులో ఉంటాయి, అది సహజం. కాకపోతే అరకు పక్కన పండిన గింజలో నేను బ్లూబెర్రీ వెతుక్కుంటూ కూచోవడం ఏమిటి? తాటిబెల్లం ఉంది, ఈతపండు ఉంది, మామిడితాండ్ర అంచున ఎండిన ముక్క ఉంది, పనసతొన మరీ మగ్గితే వచ్చే ఆ మత్తు ఉంది. పండుని పండుగానే ఎండబెట్టిన కాఫీల్లో ఆఖరిది తరచు తగులుతుంది. నా నోట్సు ఇప్పుడు ఈ లెక్కనే రాసుకుంటున్నాను. తమ్ముడు చదివి, "ఇది కాఫీ జాబితా కాదన్నయ్యా, సంక్రాంతికి ఊరెళ్లిన జాబితా" అన్నాడు. అననీ.

అసలు కొండ మీదకి వెళ్లి చూశాక త్రాసు, కెటిలు, గరాటు అన్నీ చిన్నబోయాయి.

జనవరి. పాడేరు దాటాక సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటి మొదళ్ల నుంచి కొమ్మల దాకా మిరియం తీగలు, ఆ నీడలో నడుమెత్తు, తలెత్తు కాఫీ మొక్కలు. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉండటం వల్ల రాత్రి చలికి పండు నింపాదిగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది. ఒకప్పుడు ఈ వాలుల్లో పోడు కొట్టేవారు. ఆ పోడు తగ్గించడానికీ, కొండజనానికి నిలకడైన ఆదాయం చూపించడానికీ ప్రభుత్వ సంస్థలు కాఫీ మొక్కలు పంచాయి. అక్కడక్కడా చెట్లు లేని బోడి మెరకలు కనిపించాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో నీడచెట్లు కూలి కాఫీ మీద పడ్డాయట. నీడ పోయిన మొక్క ఎండకి తాళదు, మళ్లీ చెట్టు పెంచి, నీడ పట్టి, ఆ తరవాతే కాఫీ.

ఒకావిడ నడుముకి బుట్ట కట్టుకుని కోస్తోంది. దగ్గరగా వెళ్లి చూశాను. ఒకే రెమ్మ మీద, ఒకే గుత్తిలో, పచ్చికాయ ఉంది, పసుపుపచ్చగా తిరిగినది ఉంది, ఎర్రది ఉంది, నల్లగా వాడిపోయినది కూడా ఉంది. ఆవిడ వేళ్లు ఎర్రదాని దగ్గరే ఆగుతున్నాయి. బొటనవేలితో అలా మెలిపెడితే తొడిమ రెమ్మకే ఉండిపోయి పండొక్కటే చేతిలోకి వస్తోంది. రెమ్మని పట్టుకుని ఒక్కసారి దూస్తే గుత్తంతా బుట్టలో పడుతుంది, ఆవిడకి అది తెలియనిది కాదు.

"అన్నీ ఒక్కసారే దూసేస్తే పని తీరిపోదా అమ్మా?" అని అడిగాను.

"తీరిపోద్ది బాబూ. పచ్చికాయ కలిస్తే కొనీవోళ్లు ఒప్పుకోరు. మునుపు సంతకట్టుకెళ్తే ఎర్రదైనా పచ్చిదైనా ఒకటే రేటు. అప్పుడు దూసీసీవోళ్లమే."

కాఫీ గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఈ మాట ముందు పక్కకి జరిగాయి. అదే మొక్క, అదే మన్ను, అదే మనిషి. పచ్చికాయకీ పండుకీ ధర వేరు కాగానే రుచి పుట్టింది. పచ్చికాయ కలిస్తే కాఫీ వగరెక్కుతుంది, నాలిక పీక్కుపోతుంది. దాన్ని దాచాలంటే గింజని బాగా మాడ్చాలి, చికోరీ వేయాలి, పాలు పోయాలి, పంచదార కలపాలి. మాడితే ఏ కొండ గింజైనా ఒకటే. ఎర్రదే కోయాలంటే మాత్రం ఒక్క మొక్క దగ్గరికి ఒక్కో కోతకాలంలో మళ్లీ మళ్లీ రావాలి, వచ్చినప్పుడల్లా పండినంత మేరే కోయాలి. ఆ రోజు పండు ఆ రోజే తోలు తీయాలి. జిగురు వదిలేదాకా నానబెట్టాలి, కడగాలి, నేల తగలకుండా జాలీ మంచాల మీద పల్చగా పరిచి రోజంతా చేత్తో తిరగేస్తుండాలి. ఆరారు కిలోల పండుకి ఒక కిలో గింజ వస్తుంది. ఆ తరవాత ఎంత పేరున్న వేయించేవాడైనా, ఎన్ని పతకాలు గెలిచిన కాఫీ మాస్టారైనా చేయగలిగింది ఒక్కటే, ఉన్నదాన్ని చెడగొట్టకుండా గ్లాసు దాకా తేవడం. కొత్త రుచిని వాళ్లు పుట్టించలేరు. మనమేమో మెచ్చుకోలంతా వాళ్లకే ఇస్తాం.

ఆవిడ ఒక పండు ఒలిచి చేతిలో పెట్టింది. తోలు మందం, గుజ్జు పల్చన, తీపి మాత్రం నిఖార్సు. లోపల గింజ చుట్టూ జారిపోయే జిగురు. నోట్లో వేసుకుంటే కాఫీ వాసనన్నది లేనేలేదు. ఇంటికి తీసుకెళ్లి నాకు ఇచ్చింది టీ. కాఫీ అమ్మకానికి.

పచ్చి గింజ ఒక సంచి పట్టుకొచ్చి ఇంట్లో వేయిద్దామని కూచున్నప్పుడే అమ్మ నా పక్షానికి వచ్చింది. గింజ చూడగానే మాట్లాడకుండా చేట తెచ్చి కింద కూచుంది. బియ్యం ఏరిన కళ్లు కదా. నల్లవి ఒక పక్కకి, విరిగినవి ఒక పక్కకి, గవ్వలా బోలుగా ఉన్నవి ఇంకో పక్కకి. పురుగు పొడిచిన గుండుసూది చిల్లు నాకు కళ్లజోడుతో కూడా కనపడలేదు, ఆవిడ వేలితో తోసేసింది. "ఇన్ని ఏరితే గాని పొయ్యెక్కని సరుకా ఇది? నీకు అంటగట్టార్రా" అని తేల్చింది. మూకుడు పెట్టి వేయిస్తుంటే వాళ్లమ్మ సంగతి చెప్పుకొచ్చింది. బొగ్గుల కుంపటి మీద వారానికి సరిపడా గింజలు వేయించేదట, బల్లకి బిగించిన మర తిప్పడం పిల్లల వంతట, పొడి ముందురోజుదైతే తాతగారు పసిగట్టేవారట. గింజలు చిటపటమన్నాయి. ఆ మొదటి చిటపటతో పొట్టు ఎగిరి స్టవ్వంతా పడింది. "ఇంకా వేయించు, నల్లబడాలి" అని ఆవిడ, "చాలు, దించుతాను" అని నేను. సగం దించి చల్లార్చాను, సగం ఆవిడకి వదిలేశాను. పొగకి పక్కింటివాళ్లు తొంగిచూశారు. రెండు సీసాలు, రెండు పొళ్లు. ఇంట్లో ఇప్పటికీ ఆ విభజన నడుస్తోంది.

ఊళ్లో కాఫీ వేయించే కుర్రాడొకడు నాకు బాగా అలవాటయ్యాడు. చిన్న కొట్టు, చిన్న యంత్రం, గోడ నిండా పంచాయతీల పేర్లు. ఒక ఏడాది నాకు మనసుపడ్డ ఊరి పేరు గోడ మీద కనపడలేదు. అడిగాను.

"ఈసారి ఆరబెట్టే టైములో తుపాను వాన పట్టుకుంది సార్. మార్కులు రాలేదు."

రుచి చూపించమంటే కప్పు ఇచ్చాడు. పానకం లేదు, రేగుపండు లేదు. అట్టముక్క నానినట్టు ఒక మందకొడి వాసన. అదే ఊరు, అవే చేతులు. నాలుగు రోజులు ఎండ రాకపోతే జాలీ మంచం మీది గింజ ఏం చేస్తుంది? రుచి చూసేవాళ్ల సంఘంలో ఇలాంటి తేడాలంటే మహా సరదా. ఈ ఏడాది ఇలా, ఆ ఏడాది అలా అని నోట్సు రాసుకుంటాం. కొండ మీద అదే తేడా అప్పు పద్దులోకి ఎక్కుతుంది. పూల్ ఉన్న రోజుల్లో మంచి రైతు పేరు కుప్పలో పోయింది, నిజమే. వానలో తడిసిన రైతు నష్టం కూడా ఆ కుప్పలో నలుగురి మీదా సర్దుకుపోయేది. ఇప్పుడు పాకెట్టు మీద ఊరి పేరుంటుంది కాబట్టి పేరొస్తే ఊరికే వస్తుంది, దెబ్బ తగిలితే ఊరొక్కదానికే తగులుతుంది. ఆ రైతులకి ఈసారి ఎంత తగ్గించి ఇచ్చారని అడిగాను. కుర్రాడు యంత్రం తలుపు తుడుస్తూ, "మేం కొన్నది మధ్యవాళ్ల దగ్గర సార్" అన్నాడు.

"మరి ఆ సరుకేం చేస్తున్నావ్?"

"పేరు తీసేసి హౌస్ బ్లెండ్‌లో కలిపేస్తున్నా."

కలపకుండా ఒక కిలో ఇమ్మన్నాను. వింతగా చూశాడు గానీ ఇచ్చాడు. బాగా వేయించమన్నాను, అమ్మ ఒప్పుకునేంత నలుపు. ఇంటికొచ్చి ఇరవై శాతం చికోరీ కలిపి, రాత్రి ఫిల్టర్లో వేసి, పొద్దున చిక్కటి పాలు పొంగించి కలిపాను. నానిన అట్ట ఎక్కడా లేదు. చికోరీ నడుం కట్టింది, పాలు కప్పేశాయి, పంచదార మిగతాది చూసుకుంది. తరాల తరబడి మన ఇళ్లలో తాగిన కాఫీలో ఇలాంటి వానలు ఎన్ని కలిసిపోయాయో. పాలు పోసి కాఫీ తాగేవాళ్లని చిన్నచూపు చూసే స్నేహితులు నాకు కొందరున్నారు. వాళ్లతో వాదన వచ్చినప్పుడు ఈ గ్లాసు గురించే చెబుతాను, వాళ్లు వినరు.

అమ్మ మాత్రం గ్లాసు దించకుండా తాగి, "ఈ పొడి ఇంకో రెండు కిలోలు తెచ్చి పెట్టరా" అంది. మర్నాడు వెళ్తే, మిగిలిన సంచి స్టేషన్ రోడ్డు హోటల్ వాళ్లు పొద్దున్నే పట్టుకుపోయారని చెప్పాడు కుర్రాడు.